కనబడిన మంట

ఖాసింబీ కుట్టుమిషను ఆపింది. చారల పరుపుగుడ్డ సూది కింద అట్లాగే ఉండిపోయింది. కాళ్లు రెండూ తొక్కుడు పలక మీది నుంచి తీసి, పక్కనే తడిపి పరుచుకున్న గోనెపట్టా మీద ఆనించింది. కళ్లు మూసుకుంది.

మౌలాలి గుమ్మం దగ్గర కూర్చుని కొత్త పరుపులోకి దూది నింపుతున్నాడు. మూలల్లోకి చెయ్యి మోచేతి దాకా పోనిచ్చి, పిడికిలితో సర్ది, మళ్లీ పిడికెడు దూది అందుకుంటున్నాడు. మిషను చప్పుడు ఆగిందని విన్నాడు గానీ తల ఎత్తలేదు.

"మళ్లా యేమి?" అన్నాడు.

"మంట. రవ్వంత సేపు..."

"డాక్టరు ఏం చెప్పినాడు? ఏమీ లేదన్నాడా లేదా? నువ్వు దాన్నే తల్చుకుంటా కూచుంటే అది అట్లనే ఉంటాది. కానీ, కుట్టు. ఎల్లుండి ధర్మవరానికి సరుకు పోవల్ల."

"తల్చుకునేది కాదయ్యా. ఇది ఎట్లుండాదంటే..."

"సరేలే" అంటూ మౌలాలి లేచి దూదేకే మిషను స్విచ్చి వేశాడు. ఇల్లంతా దడదడలాడింది. ఖాసింబీ మాట దూదిలో కలిసిపోయింది.

కూతురు షహీన్ అప్పుడే హిందూపురంలో పని ముగించుకుని పెనుకొండకు తిరిగివచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. ఇంట్లో ఇది మామూలే. మూడు నెలల కిందట ధర్మవరంలో ఒక డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన రక్తం చూశాడు, కాళ్లకు వైర్లు తగిలించి నరాల పరీక్ష చేయించాడు. అన్నీ బాగానే ఉన్నాయని చెప్పాడు. ఆ మాట ఖాసింబీతో చెప్పలేదు, మౌలాలితో చెప్పాడు. "ఆడవాళ్లకు ఈ వయసులో మనసు అట్లా ఉంటుంది. పని పెట్టుకుంటే పోతుంది" అన్నాడు. మౌలాలి చెడ్డవాడు కాదు. భార్యకు జబ్బు లేదని వినేసరికి అతని గుండె తేలికపడింది. అప్పటి నుంచి ఆ తేలికను ఎవరు ముట్టుకున్నా ఊరుకోవడం లేదు.

షహీన్ బకెట్లో నీళ్లు తెచ్చి అమ్మ కాళ్ల కింది గోనెపట్టాను మళ్లీ తడిపింది.

"పొద్దు మునిగినాక ఎక్కువైతాది" అంది ఖాసింబీ మెల్లగా. "దుప్పటి తగిలినా నిప్పుల మీద పెట్టినట్టే. ఊరందరికీ పరుపులు కుట్టేదాన్ని, నా కాళ్లు మాత్రం బండ మీద పెట్టుకుని పండుకుంటాండా." చెబుతూనే నవ్వింది. ఆమె ఏ కష్టం చెప్పినా చివరికి నవ్వేస్తుంది. అందుకే ఎవరూ నమ్మరేమో అనిపించింది షహీన్‌కు.

"పాపా, నువ్వు ఆ గిన్నెల్లో ఏమో పెంచుతాండావు గదా. ఈ తూరి బతికినాయా?"

"బతికినాయమ్మా. బాగుండాయి."

"ఏంటివో ఒగసారి చెప్పినావు. మర్సిపోయినా."

"నరాలు. మనిషి నరాలే. నొప్పినీ వేడినీ మెదడుకు మోసుకుపోయే నరాలు."

ఖాసింబీ కూతురి వైపు తిరిగింది. "నొప్పి నరాలా? ఈడ ఉండే నొప్పి చాలదని కొత్తగా పెంచుతాండారా?"

షహీన్ పడీ పడీ నవ్వింది. మిషను హోరులో ఆ నవ్వు మౌలాలికి వినిపించలేదు.

*

షహీన్ పని చేసే పరిశోధనశాల హిందూపురం బయట, ఫ్యాక్టరీల నడుమ ఉంది. బయటి నుంచి చూస్తే గోడౌను లాగే ఉంటుంది. లోపల నాలుగు గదులు, ఒక జనరేటరు, ఎప్పుడూ స్పిరిటు వాసన. బెంగళూరు నుంచి తెచ్చిన మూలకణాలు ఇక్కడ పెరుగుతాయి. మూలకణమంటే ఇంకా ఏమీ కాని కణం. చర్మం కావచ్చు, గుండె కావచ్చు, నరం కావచ్చు. ఏ రోజు ఏ ప్రోటీను కలిపిన ఆహారం పోస్తే ఏ దారి పడుతుందో తెలుసుకుని, ఓర్పుగా పోస్తూ పోవాలి. నొప్పి మందులను జంతువుల మీద కాకుండా మనిషి నరాల మీదే పరీక్షించి చూడగలిగితే చాలని వాళ్ల ఆశ. అందుకు ముందు ఆ నరాలు కావాలి.

మొదటిసారి పెంచినవి కరెంటు పోయిన వేసవి మధ్యాహ్నం జనరేటరు మొరాయించి చచ్చిపోయాయి. రెండోసారి నరాలైతే అయ్యాయి గానీ నొప్పి మోసేవి కాలేదు. ఇది మూడోసారి.

శనివారం ఉదయం షహీన్ గ్లవ్సుల మీద స్పిరిటు చల్లుకుని, చేతులు రుద్దుకుని, గాజు తెర కింద చేతులు పెట్టింది. గాలి సన్నగా రొద చేస్తోంది. ఇంక్యుబేటరులోంచి ఒక గిన్నె తీసింది. మనిషి ఒంటి వేడి ఎంతో ఆ పెట్టెలోపలా అంతే వేడి. గిన్నెను కొంచెం వంచి, అంచు నుంచి పిపెట్టు గొట్టంతో పాత ద్రవం సగమే పీల్చింది. తర్వాత కొత్త ద్రవాన్ని గిన్నె గోడకు ఆనించి బొట్టుబొట్టుగా వదిలింది. తొందరపడి పోస్తే కణాలు అడుగు వదిలేస్తాయి. ఒక మూల లేచిందంటే, కాగిన పాల మీద మీగడలా మొత్తం చుట్టుకుని లేచివస్తుంది. వారాల పని ఒక్క క్షణంలో పోతుంది. ఇప్పుడు ఏ మూలా లేవలేదు.

సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. గుంపుగా కూర్చున్న కణాల నుంచి పోగులు బయటికి పాకి ఉన్నాయి. నిన్నటికంటే పొడుగ్గా, ఒకదాన్నొకటి దాటుకుంటూ, కొన్ని కలుసుకుంటూ. షహీన్‌కు వాటిని చూస్తే ప్రతిసారీ ఆకలి మర్చిపోయినట్టు ఉంటుంది.

"ఎలా ఉన్నాయి?" అంటూ ఆ పరిశోధనశాల నడిపే సుధ మేడమ్ వచ్చి పక్కన నిలబడింది. కర్ణాటక సరిహద్దులోని అగళి ఆమెది. తెలుగు మాట్లాడుతూ మధ్యలో కన్నడంలోకి జారిపోతుంది, తనకే తెలియదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"చెన్నాగిదె, బాగుంది. వైర్లు బాగా లాగినావు. లోపల కరెంటు ఉందో లేదో చూడాల."

"గురువారం చూద్దామా మేడమ్?"

"గురువారమే. కారం పోసి చూద్దాం."

కారమంటే నిజంగానే కారం. మిరపకాయలో నోటిని మండించే పదార్థం ఒకటి ఉంది. నొప్పి నరాల మీద దానికోసమే అన్నట్టు ఒక తలుపు ఉంటుంది. ఆ పదార్థం తగిలితే తలుపు తెరుచుకుంటుంది. ముందే ఒక రంగు ఎక్కించి ఉంచితే, తెరుచుకున్న కణం వెలుగుతుంది. వెలగకపోతే అది వేరే నరం. ఈసారీ వెలగకపోతే ఈ పని ఆపి, సబ్బుల కంపెనీలకు చర్మకణాల పరీక్షలు చేసిపెట్టే పనికి మారాలని పైవాళ్లు చెప్పి ఉన్నారు. ఆ సంగతి సుధ మేడమ్ ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎత్తలేదు.

*

ఆదివారం పరుపులను టెంపోలో వేసుకుని ధర్మవరం పోయారు. అక్కడ కొత్తగా కట్టిన కల్యాణ మండపం గదులకు మౌలాలి పరుపులు కుట్టాడు. ఎత్తించడానికీ దింపడానికీ మనుషులు ఉన్నారు గానీ, పరిచేటప్పుడు కుట్లు చూసుకోవడానికి ఖాసింబీ ఉండాలి. సెలవు కనుక షహీన్ కూడా తోడు వచ్చింది.

ఎండ మండిపోతోంది. ఖాసింబీ ఒక్కో గదిలో పరుపు పరిపించి, అంచుల వెంట వేలు నడిపించి, ఎక్కడైనా దారం వదులైతే అక్కడే కూర్చుని బిగించింది. ఆఖరి గది అయ్యేసరికి ముఖం పాలిపోయింది. ఎవరికీ చెప్పకుండా వెనక్కి పోయింది. అక్కడ నీళ్ల ట్యాంకు కింద బండలు తడిగా ఉన్నాయి. చెప్పులు విడిచి, పాదాలు రెండూ ఆ తడి మీద పెట్టి, చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని నిలబడింది. షహీన్ మంచినీళ్ల సీసాతో వెతుక్కుంటూ వచ్చేసరికి ఆమె ముఖం విచ్చుకుంటోంది.

అటే మండపం మేనేజరు ముత్యాలప్ప, మౌలాలి మాట్లాడుకుంటూ వచ్చారు. ముత్యాలప్ప పెద్దాయన, మర్యాదస్థుడు.

"ఏమప్పా మౌలాలీ, మీ ఇంటామెకి ఒంట్లో బాగలేదా? కుర్చీ తెప్పించమంటావా?"

"అదేమీ లేదులేప్పా" అన్నాడు మౌలాలి, సిగ్గుపడుతూ నవ్వి. "కాళ్లు మంటంటాది. డాక్టరుకి చూపిస్తే ఏమీ లేదన్నాడు. మనసు అంతే. ఆడోళ్ల కత నీకు తెల్దా?"

ముత్యాలప్ప నవ్వాడు. పరుపులు దింపిన కూలీలు నవ్వారు. ఎవరి నవ్వులోనూ చెడు లేదు. ఖాసింబీ కూడా నవ్వింది. ఆమె కుచ్చెళ్లు దించి, పాదాలు తడి మీది నుంచి తీసి, చెప్పుల్లో దూర్చుకుంది. తోలు తగలగానే కింది పెదవి పంటి కింద నొక్కిపెట్టడం షహీన్ చూసింది. ఒక్క క్షణమే. తర్వాత మళ్లీ మామూలు ముఖం పెట్టుకుని, "పోదామా?" అంది.

టెంపోలో వెనక్కి వస్తూ షహీన్ అమ్మ చెప్పుల వైపే చూసింది. నాన్నతో గొడవపడాలని ఉంది. కానీ ఏమని గొడవపడాలి? రిపోర్టు అతని చేతిలో ఉంది. అమ్మ చేతిలో నవ్వు తప్ప ఏమీ లేదు.

*

సోమవారం పొద్దున గిన్నెలకు ఆహారం మార్చాక షహీన్ సుధ మేడమ్ గదికి పోయింది.

"మేడమ్, అరికాళ్లు మండుతుంటే, వైర్లు పెట్టి చేసే నరాల పరీక్షలో ఏమీ లేదని వచ్చిందంటే, ఏమీ లేనట్టేనా?"

"ఎవరికి?"

"మా అమ్మకు."

సుధ మేడమ్ చేతిలో పెన్ను కింద పెట్టింది. "ఆ మిషను చూసేది లావు నరాలను షహీన్. నువ్వు ఇన్నాళ్లుగా ఏ నరాలు పెంచుతున్నావు? సన్నవి. మంటనూ చలినీ మోసేవి. అవి ఆ మిషనుకు కనపడవు."

ఈ ముక్క షహీన్ చదవనిది కాదు. చదివింది, పరీక్షలో రాసింది కూడా. దానికీ తన ఇంట్లో తడి గోనెపట్టాకూ మధ్య ఎప్పుడూ దారి వేసుకోలేదు.

"మనింట్లోవాళ్లు మనకు పేషెంట్ల లాగా కనపడరు" అంది సుధ మేడమ్. "ఏసుదాసు డాక్టరు ఉన్నారు ఇక్కడే, హిందూపురంలో. ఓపికగా చూస్తారు. సాయంత్రాలు ఉంటారు. పిలుచుకొని రా."

మౌలాలిని ఒప్పించడానికి రెండు పూటలు పట్టింది. "ఒగ డాక్టరు చూసినాక ఇంగో డాక్టరు దేనికి?" అన్నాడు. కడపటికి, హిందూపురంలో దూది బేళ్లు చూసే పని ఎట్లాగూ ఉందని, గురువారం వస్తానన్నాడు. గురువారం కారం పోసే రోజు. షహీన్‌కు అది గుర్తుంది గానీ, ఒప్పుకున్న మనిషిని మళ్లీ రోజు మార్చమంటే రాడని ఊరుకుంది.

*

గురువారం మధ్యాహ్నం వాచ్‌మన్ హనుమంతప్ప గేటు దగ్గర నుంచి లోపలికి వచ్చాడు.

"మీ యమ్మా నాయనా వచ్చినారు మేడమ్. డాక్టరు సాయంత్రం గానీ రాడంట. వసారాలో కూచోబెట్టినా. ఎండకి ఆయమ్మ కాళ్లు ఎత్తెత్తి పెడ్తాంది."

షహీన్ అప్పటికే గిన్నెలకు రంగు ఎక్కించి ఉంది. ఇంక ఆగడానికి లేదు. సుధ మేడమ్ వైపు చూసింది.

"లోపలికి రానీ. ఏసీ ఉంది కదా, చల్లగా కూర్చుంటారు" అంది సుధ మేడమ్. "వాళ్లూ చూడనీ, నువ్వేం చేస్తున్నావో."

మౌలాలికీ ఖాసింబీకీ పొడుగు గౌన్లు తొడిగి, పాదాలకు గుడ్డ తొడుగులు ఇచ్చారు. చీకటిగదిలోకి అడుగు పెడుతూనే ఖాసింబీ నిలబడిపోయింది.

"ఈడ నేల శానా బాగుండాది పాపా" అంది. "నిప్పు ఆర్పినట్టుండాది."

సుధ మేడమ్ కిసుక్కున నవ్వి, ఆమెకు తెర కనపడేట్టు స్టూలు జరిపింది. ఖాసింబీ కూర్చోలేదు. ఆ నేల మీదే నిలబడతానంది.

సూక్ష్మదర్శిని కింది గిన్నె కంప్యూటరు తెర మీద కనిపిస్తోంది. నల్లటి మైదానంలో బూడిద రంగు చుక్కలు, వాటి నుంచి పాకిన వెంట్రుకల్లాంటి పోగులు.

"ఇయ్యేనా నువ్వు పెంచిన నరాలు?" అన్నాడు మౌలాలి.

"ఇవే నాయనా. మొదట ఉత్త ఉప్పునీళ్లు పోస్తా చూడు." షహీన్ ఒక బొట్టు వదిలింది. చేయి కదలకుండా మణికట్టును బల్లకు ఆనించుకుంది. అందరూ తెర వైపు చూశారు. బూడిద చుక్కలు బూడిద చుక్కలుగానే ఉన్నాయి.

"ఏమీ లేదే" అన్నాడు మౌలాలి.

"ఉండకూడదు నాయనా. ఇప్పుడు మిరపకాయ కారం."

ఈసారి బొట్టును షహీన్ ఇంకా మెల్లగా వదిలింది. సుధ మేడమ్ తెర మీద నుంచి కళ్లు తీయకుండా తనలో తను లెక్కపెడుతోంది. "ఒందు... ఎరడు... మూరు..."

ఏమీ జరగలేదు. గదిలో యంత్రాల రొద తప్ప చప్పుడు లేదు. సబ్బు కంపెనీల చర్మకణాలు షహీన్ కళ్ల ముందు కదిలాయి.

అప్పుడు ఎడమవైపు మూల ఒక చుక్క తెల్లబడింది. మొదట మిణుగురంత, వెంటనే దీపమంత. దాని పక్కన ఇంకొకటి. దూరంగా మరొకటి. అన్నీ కావు, కొన్నే. కానీ వెలిగినవి ధగధగమని వెలిగాయి. వాటి పోగుల వెంట కూడా వెలుతురు పాకింది. సుధ మేడమ్ లెక్కపెట్టడం ఆపేసింది.

"మళ్లీ" అంది. "వేరే గిన్నెలో. ఒక్కసారికి నేను నమ్మను."

రెండో గిన్నె పెట్టారు. ఉప్పునీళ్లకు ఏమీ లేదు. కారానికి వెలిగాయి. సుధ మేడమ్ కళ్లజోడు తీసి గౌనుకు తుడుచుకుంది. గౌను ప్లాస్టిక్కు కావడంతో అద్దాలు ఇంకా మసకబారాయి. ఆ జోడుతోనే షహీన్‌ను దగ్గరికి లాక్కుంది. రెండు గౌన్లూ గలగలలాడాయి. బయట ఏదో అయిందనుకుని హనుమంతప్ప తలుపు సందులోంచి తొంగిచూసి, "జనరేటరు వేసేదా మేడమ్?" అన్నాడు.

"వద్దు హనుమంతప్పా. స్వీట్లు తెప్పించు" అంది సుధ మేడమ్.

ఈ సంబరంలో ఖాసింబీ తెర దగ్గరికి పోయింది. వెలుగుతున్న చుక్కల మీద వేలు పెట్టబోయి ఆగింది.

"పాపా, కారం పోస్తే అవి ఏడుస్తాండాయా?"

"లేదమ్మా. వాటికి ఏమీ తెలీదు. నొప్పి అనుకోవాలంటే మెదడు ఉండల్ల, మనసు ఉండల్ల. వీటికి అవేవీ లేవు. గిన్నెలో ఉత్త నరాలే ఉండేది. తగిలిందని కబురు పంపుతాయి, అంతే."

మౌలాలి అంతవరకూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "మనసు లేదా?" అన్నాడు.

"లేదు నాయనా."

"యాడా లేదా?"

"ఈ గదిలో మన నలుగురికీ ఉండేదే. గిన్నెలో లేదు."

మౌలాలి తెర వైపు తిరిగాడు. వెలుతురు మెల్లగా తగ్గుతోంది. "మనసు లేకుండానే ఇంత మండె" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "పోసేముందు చూస్తే ఏమీ లేదు. నేనే అంటి గదా, ఏమీ లేదని" అన్నాడు. అది ఎవరితో అన్నాడో తెలియలేదు.

సుధ మేడమ్ కళ్లజోడు సరిచేసుకుని గంభీరంగా చెప్పింది. "ఇవి మీ ఇంటావిడ నరాలు కావండి. ఇది చూసి ఆమె జబ్బు తేల్చలేం. అది డాక్టరు చేయాల్సిన పని. కానీ ఇట్లాంటి నరాలు మనందరి పాదాల్లోనూ ఉంటాయి. బాగలేకపోతే ఏ కారం తగలకుండానే కబుర్లు పంపుతూ ఉంటాయి."

మౌలాలి తల ఊపాడు. గది బయటికి వచ్చాక పాదాల తొడుగులు విప్పడానికి ఖాసింబీ వంగబోతుంటే, "ఉండు" అని తనే కూర్చుని విప్పాడు. తొడుగు కొనలు పట్టుకుని, చర్మానికి గుడ్డ రాసుకోకుండా, గాలిలోకి ఎత్తి తీశాడు. ఖాసింబీ గోడ పట్టుకుని, కూతురి వైపు చూసి, కనుబొమలు ఎగరేసింది.

*

ఏసుదాసు డాక్టరు తెల్లజుట్టు మనిషి. రిపోర్టుల కవరు మౌలాలి చాపగా, తీసుకుని పక్కన పెట్టి, కుర్చీని ఖాసింబీ ఎదురుగా జరుపుకున్నాడు.

"చెప్పమ్మా. ఎట్లుంటుంది?"

ఖాసింబీ అలవాటుగా భర్త వైపు చూసింది.

"నువ్వే చెప్పు" అన్నాడు మౌలాలి. "నీకే గదా తెలిసేది."

ఆమె చెప్పసాగింది. ముందు రెండు ముక్కలు చెప్పి ఆగి చూసింది. ఎవరూ అడ్డు రాలేదు. ఇంకో రెండు చెప్పింది. దుప్పటి సంగతి, బండ సంగతి, చీమలు పాకినట్టుండే సంగతి, మిషను తొక్కుతుంటే ఇసుక మీద ఉత్తకాళ్లతో పరుగెత్తినట్టుండే సంగతి. డాక్టరు మధ్యలో ఒక్కో ప్రశ్న వేస్తూ విన్నాడు. తర్వాత ఆమెను కళ్లు మూసుకోమని, పాదాల మీద గుండుసూది మొన ఆనించి, దూది ఆనించి, చల్లటి ఇనుప ముక్క ఆనించి, ఏది తగిలిందో చెప్పమన్నాడు. ఇనుప ముక్క బొటనవేలికి తగిలినప్పుడు ఆమె ఏమీ చెప్పలేదు. చీలమండ దాటాక "చల్లగా ఉండాది" అంది. దూది పోగు అరికాలికి తాకగానే ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకుంది. మౌలాలి ఆ దూది పోగు వైపు చూశాడు. బతుకంతా దానితోనే గడిపినవాడు అతను.

"సన్న నరాలు దెబ్బతిన్నాయమ్మా" అన్నాడు డాక్టరు, అప్పుడు రిపోర్టుల కవరు విప్పి చూస్తూ. "చక్కెర కొంచెం అంచు మీద ఉంది, దానివల్ల కావచ్చు. ఇంకో రక్తపరీక్ష కూడా రాస్తున్నా. మాత్రలు ఇస్తా. మంట మొత్తం పోతుందని చెప్పను. నిద్రపోనిస్తుంది. ఉత్తుత్తి మంట కాదు ఇది."

"ఉత్తుత్తిది కాదా?" అంది ఖాసింబీ.

"కాదు. నువ్వు చెప్పేదంతా నిజమే."

ఖాసింబీ తలవంచుకుంది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని షహీన్ భుజం మీద చెయ్యి వేసింది. కొంగు తీసి చూస్తే ఆమె నవ్వుతోంది. ఎప్పటిలా కష్టం మీద కప్పే నవ్వు కాదు. పందెం గెలిచిన పిల్లలా నవ్వుతోంది.

*

సాయంత్రం ప్యాసింజరు కిటకిటలాడుతోంది. మౌలాలి మందుల సంచి, స్వీట్ల పెట్టె పట్టుకుని తోసుకుంటూ ఎక్కి, కిటికీ దగ్గర ఖాసింబీకి చోటు సంపాదించాడు. ఆమె చెప్పులు విడిచి పాదాలు కిటికీ గాలికి పెట్టుకుంది. ఎదురుగా చింతపండు బుట్టతో ఒకామె, పక్కన ఆమె మొగుడు కూర్చుని ఉన్నారు. తిమ్మక్క, కొండప్ప. ధర్మవరం దాకా పోతారు.

"యాడికి పోయొస్తాండావక్కా? మందుల సంచి కనపడ్తాంది" అంది తిమ్మక్క.

ఇంకేముంది. రైలు కదలకముందే ఖాసింబీ మొదలుపెట్టింది. అరికాళ్ల మంట నుంచి మొదలుపెట్టి, చల్లటి నేల గది దాకా వచ్చింది. నల్లటి తెర మీద నరాలు దీపాల్లా వెలగడం చెప్పేటప్పుడు రెండు చేతుల వేళ్లూ ఒక్కొక్కటే విప్పి చూపించింది. పక్క బెంచీ ఆడవాళ్లు మెడలు చాపారు. ఒకామె పిల్లను ఒళ్లోకి లాక్కుని దగ్గరికి జరిగింది.

"నాకీ అంతే అక్కా" అంది తిమ్మక్క గొంతు తగ్గించి. "చలికాలంలో కూడా కాళ్లు గోడకి ఆనించుకుని పండుకుంటా. ఎవురికి చెప్పినా నవ్వుతారు."

"మా అత్త కూడా ఇట్లనే అంటాది" అంది పిల్లతల్లి.

"ఈ ఆడోళ్లందరిదీ ఒగటే పాట" అన్నాడు కొండప్ప, మౌలాలి వైపు తిరిగి, మగవాడు మగవాడితో పంచుకునే నవ్వుతో. "ఏమీ ఉండదు. అంతా మనసులో ఉండేదే. ఏమబ్బా?"

మౌలాలికి కూర్చోవడానికి చోటు దొరకలేదు. పై బెంచీ కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని గడ్డంలో ఇంకా దూది పీచు ఉంది.

"ఉండాదప్పా" అన్నాడు. "నేను చూసినా."

కొండప్ప నవ్వు ఆపాడు. ఖాసింబీ కూడా మాట ఆపి తలెత్తి మొగుణ్ని చూసింది. అతను కిటికీ బయటికి చూస్తున్నాడు.

"ఎట్లుంటాది?" అని కొండప్ప ఈసారి నిజంగానే అడిగాడు.

"ఆమె చెప్తాంది గదా. విను."

ఖాసింబీ మళ్లీ అందుకుంది. ఇప్పుడు ఆమె గొంతు రైలు చప్పుడు మీదుగా వినిపిస్తోంది. గుండుసూది పరీక్ష ఎట్లా చేస్తారో తిమ్మక్క పాదం మీద వేలితో చూపించింది. ఏసుదాసు డాక్టరు ఎక్కడ ఉంటాడో, ఏ పూట ఉంటాడో చెప్పింది. పిల్లతల్లి మధ్యలో ఏదో అడిగితే దానికీ జవాబు చెప్పింది. ఎవరో జోకు వేస్తే అందరూ గొల్లున నవ్వారు. స్వీట్ల పెట్టె చేతులు మారుతూ ఆ బెంచీ నుంచి ఈ బెంచీకి తిరిగింది. షహీన్‌కు అమ్మ ఇంతసేపు, ఇన్ని మాటలు, ఒకదాని తర్వాత ఒకటి మాట్లాడడం ఎప్పుడూ విన్నట్టు జ్ఞాపకం లేదు.

రైలు నెమ్మదించింది. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చింది. మనుషులు దిగారు, ఎక్కారు. ఖాసింబీ తిమ్మక్క చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, రాత్రిపూట మంట ఎందుకు ఎక్కువవుతుందో చెబుతోంది. ఈల వినపడి షహీన్ ఉలిక్కిపడి లేచింది.

"నాయనా, మన స్టేషను."

"తెలుసు" అన్నాడు మౌలాలి. అతను కదలలేదు. ప్లాట్‌ఫారం మీది పేరు పలక మెల్లగా వెనక్కి జరిగిపోతోంది.

"దిగొద్దా?"

"కూచోమ్మా. మీ యమ్మ మాట ఇంగా అయిపోలేదు. ధర్మవరంలో దిగి వెనక్కొద్దాంలే."